తక్కువ సేపటి పొగకు చిన్న పైపు: తక్కువ ఖర్చులో ఎంచుకునే విధానం

పైపు తాగేవారిలో చాలామందికి గంటసేపు తీరికగా కూర్చునే వీలు ప్రతిరోజూ దొరకదు. దొరికేది పావుగంటో ఇరవై నిమిషాలో. ఆ కాస్త సమయానికి పెద్ద పైపు నింపి, సగంలో ఆర్పేసి, మిగిలిన తడి పొగాకును పారబోయడం వల్ల పొగాకు వృథా కావడమే కాకుండా, అడుగున చేరిన తేమ వల్ల పైపుకు పుల్లటి వాసన పడుతుంది. ఇందుకు తగిన విరుగుడు చిన్న పైపే. అయితే పైకి చిన్నదిగా కనిపించే ప్రతి పైపూ తక్కువ సేపే కాలదు, తక్కువ ధరకు దొరికే ప్రతి పైపూ పొదుపు కాదు. ఏది కొలవాలో, దేనికి డబ్బు పెట్టాలో, దేనికి పెట్టనక్కర్లేదో వరుసగా తెలుసుకుంటే ఎంపిక సులువవుతుంది.

అసలు విషయంలోకి వెళ్లే ముందు ఒక మాట స్పష్టంగా చెప్పాలి. పైపు చిన్నదైనంత మాత్రాన పొగాకు హాని పోదు. పైపు పొగ నోరు, పెదవి, గొంతు, స్వరపేటిక, అన్నవాహిక, ఊపిరితిత్తుల క్యాన్సర్లకు కారణమవుతుంది. పొగను ఊపిరితిత్తుల్లోకి పీల్చకపోయినా నికోటిన్ నోటి పొరల గుండా రక్తంలోకి చేరుతుంది, అలవాటు బిగుస్తుంది. చిన్న పైపు తెచ్చుకున్నాక రోజుకు ఒకసారి నింపేది మూడుసార్లు నింపితే తగ్గిందేమీ ఉండదు. పొగాకు జోలికి వెళ్లని వారు దీన్ని చదివి మొదలుపెట్టవలసిన పని లేదు. ఇది ఇప్పటికే పైపు తాగుతూ, తక్కువ సేపటితో సరిపెట్టుకోవాలనుకునే పెద్దవారి కోసం రాసినది.

మొదటి మెట్టు: సమయం నిర్ణయించుకోవడం

దుకాణానికి వెళ్లేముందే, లేదా ఫొటోలు చూడడం మొదలుపెట్టేముందే, మీకు దొరికే వ్యవధి ఎంతో నిజాయితీగా అంచనా వేసుకోండి. ఐదు నిమిషాలైతే ఒక రకం పైపు, పావుగంట నుంచి ఇరవై ఐదు నిమిషాలైతే మరో రకం, అరగంట దాటితే మామూలు పైపులలోనే కాస్త చిన్నది సరిపోతుంది. ఎక్కడ తాగుతారన్నది కూడా ఇక్కడే చూసుకోవాలి. ఆరుబయట నడుస్తూ తాగేవారికి గాలి తగిలి పొగాకు వేగంగా కాలుతుంది కాబట్టి, అదే పైపు గదిలో ఇచ్చే సమయం కంటే తక్కువే ఇస్తుంది. పళ్ల మధ్య పట్టుకుని చేతులతో పని చేసుకునేవారికి బరువు ముఖ్యం. చేత్తో పట్టుకుని కూర్చునేవారికి అది అంత ముఖ్యం కాదు.

రెండో మెట్టు: లోపలి గదిని కొలవడం

ఈ ఎంపిక మొత్తానికి కీలకం ఇదే. పైపు గిన్నె బయటికి ఎంత పొడవు, ఎంత లావు అన్నది కాదు, పొగాకు కూరే లోపలి గది ఎంత వెడల్పు, ఎంత లోతు అన్నదే మీ సమయాన్ని నిర్ణయిస్తుంది. దళసరి గోడలున్న పెద్ద గిన్నెలో చిన్న గది ఉండవచ్చు, నాజూకుగా కనిపించే పైపులో గది అడుగు దాకా తొలిచి ఉండవచ్చు. అమ్మేవారు మొత్తం పొడవు చెప్పి ఊరుకుంటే గది వెడల్పునూ లోతునూ మిల్లీమీటర్లలో అడగండి. చెప్పలేకపోతే ఆ పైపును చేతిలోకి తీసుకుని చూసేదాకా కొనకపోవడం మంచిది.

మామూలు పైపు గది సుమారు 18 నుంచి 20 మిల్లీమీటర్ల వెడల్పు, 35 నుంచి 40 మిల్లీమీటర్ల లోతు ఉంటుంది. అది నిదానంగా తాగేవారికి ముప్పావు గంట నుంచి గంట దాకా వస్తుంది. తక్కువ సేపటికి కావలసింది 15 నుంచి 17 మిల్లీమీటర్ల వెడల్పు, 22 నుంచి 28 మిల్లీమీటర్ల లోతు. అంకెల్లో తేడా స్వల్పంగా కనిపిస్తుంది గానీ, ఘనపరిమాణంలో చూస్తే అది చాలా పెద్దది. 20 మిల్లీమీటర్ల వెడల్పు, 38 మిల్లీమీటర్ల లోతు ఉన్న గదిలో దాదాపు 12 ఘన సెంటీమీటర్ల చోటు ఉంటే, 15 మిల్లీమీటర్ల వెడల్పు, 25 మిల్లీమీటర్ల లోతు ఉన్న గదిలో 4.4 ఘన సెంటీమీటర్లే ఉంటుంది. అంటే మూడో వంతు కంటే కొంచెం ఎక్కువ. అందులో పట్టే పొగాకు కూడా ఇంచుమించు ఒక గ్రాము. కొలిచే సాధనం చేతిలో లేనప్పుడు చిటికెన వేలు పనికొస్తుంది. చిటికెన వేలి మొదటి కణుపు గదిలోకి కాస్త బిగువుగా దిగి, కణుపు గీత దగ్గరే అడుగు తగిలితే ఆ పైపు మీకు కావలసిన పరిమాణానికి దగ్గరలో ఉన్నట్టే.

వెడల్పును మరీ తగ్గించకూడదు. 13 మిల్లీమీటర్ల కంటే ఇరుకైన గదిలో పొగాకును సమంగా అదమడం కష్టం. కాస్త గట్టిగా అదిమితే గాలి ఆడదు, కాస్త వదులైతే నిప్పు ఒక పక్కకే దిగుతుంది, మాటిమాటికీ వెలిగించవలసి వస్తుంది. వెడల్పు తక్కువగా, లోతు ఎక్కువగా ఉన్న గదిలో నిప్పు ముఖం చిన్నది కాబట్టి పొగాకు నెమ్మదిగా దిగుతుంది. తక్కువ సమయం కావాలనుకునేవారు ఎత్తైన సన్నని గిన్నెలను ఎంచుకుంటే కోరుకున్నదానికి వ్యతిరేకంగా జరుగుతుంది. లోతు తక్కువైన పైపులో మరో లాభం ఉంది. తేమ చేరే అడుగుభాగానికి నిప్పు త్వరగా అందుతుంది కాబట్టి చివరి దమ్ములు చేదెక్కే లోపే పని పూర్తవుతుంది.

పెద్ద పైపునే సగం నింపి తాగితే సరిపోదా అన్న ప్రశ్న సహజమే. అప్పుడప్పుడూ అయితే సరిపోతుంది, అందుకోసం కొత్త పైపు కొననక్కర్లేదు. రోజూ అదే పద్ధతైతే మాత్రం పైపు గోడకు పట్టి దాన్ని వేడి నుంచి కాపాడే మసిపొర కింది సగంలోనే దట్టమై, పై సగం పలుచగా ఉండిపోతుంది. పైగా అగ్గిపుల్ల మంట లోతుకు అందాలంటే గిన్నె అంచు మీదుగా వంచాలి, అంచు నల్లబడుతుంది. రోజువారీ అలవాటుకు గది చిన్నదైన పైపే మేలని నా అభిప్రాయం.

మూడో మెట్టు: పదార్థం ఎంచుకోవడం

తక్కువ ఖర్చు అనగానే ముందుగా చూడవలసింది మొక్కజొన్న కండెతో చేసిన పైపు. దీన్ని చూసి ఇది బొమ్మ కాబోలు అనుకునేవారున్నారు. అది సరికాదు. అమెరికాలోని మిస్సోరి రాష్ట్రం, వాషింగ్టన్ పట్టణంలో హెన్రీ టిబ్బీ అనే చెక్క పనివాడు 1869 ప్రాంతంలో ఈ పైపులు చేయడం మొదలుపెట్టాడు. కండె పైభాగానికి ప్లాస్టర్ పూసి నునుపు చేసే పద్ధతికి 1878లో పేటెంటు పొందాడు. ఆయన పనితో మొదలైన మిస్సోరి మీర్‌షామ్ సంస్థ అదే పట్టణంలో నేటికీ వీటిని తయారుచేస్తోంది. మామూలు తిండి మొక్కజొన్న కండె ఇందుకు సన్నం కాబట్టి, దళసరి కండె కోసమే ప్రత్యేకంగా పెంచిన రకాన్ని వాడతారు. కండె తేలికైనది, తేమను పీల్చుకుంటుంది, కొత్త పైపును వాడకానికి అలవాటు చేయడానికి వారాలు పట్టవు, మొదటి రోజు నుంచే సజావుగా కాలుతుంది. ఆ సంస్థ చేసే మినీ, మోర్గన్ వంటి చిన్న నమూనాలు తక్కువ సేపటి పొగకు చక్కగా సరిపోతాయి. చిన్న పైపు తనకు నచ్చుతుందో లేదో ఇంకా తెలియనివారు తప్పకుండా కండె పైపుతోనే మొదలుపెట్టాలి. నచ్చకపోతే పోయేది తక్కువ. నచ్చితే గది కొలతలలో మీకు ఏది సరిపడిందో తెలిసిపోతుంది కాబట్టి తరువాత కొనే పైపుకు అదే కొలబద్ద.

బ్రయర్ రెండో స్థానం. మధ్యధరా సముద్ర తీరాల్లో పెరిగే ఎరికా అర్బోరియా అనే పొద మొదలులో, వేరు దగ్గర ఊరే బుడిపెను తవ్వితీసి, గంటల తరబడి ఉడికించి, నెలల తరబడి ఆరబెట్టి పైపులు చేస్తారు. ఫ్రాన్సులోని సెయింట్ క్లాడ్ పట్టణం 19వ శతాబ్దం మధ్య నుంచి ఈ పనికి పేరుపొందింది. ఈ కలప వేడికి తట్టుకుంటుంది, అంత తేలిగ్గా మాడదు, సరిగ్గా చూసుకుంటే దశాబ్దాలు నిలుస్తుంది. చిన్న పైపుకు చిన్న దిమ్మ చాలు కాబట్టి ఒకే తయారీదారు పైపుల్లో చిన్నవి కాస్త చవకగా ఉండే అవకాశం ఉంది. అయితే చవక బ్రయర్‌లో గమనించవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి, వాటిని ఐదో మెట్టులో వివరిస్తాను.

పియర్ చెట్టు కలపతో చేసిన పైపులు ఈ రెండింటికీ మధ్యలో నిలుస్తాయి. పోలెండులోని ప్షెమిష్ల్ పట్టణంలో ఇలాంటివి చాలాకాలంగా తయారవుతున్నాయి. పియర్ కలప బ్రయర్ అంత గట్టిది కాదు, కొత్తలో కలప రుచి తగులుతుంది, ఆవేశంగా దమ్ము లాగితే గోడ మాడుతుంది. నిదానం ఉన్నవారికి మాత్రం ఇది మంచి బేరం.

మట్టి పైపు పొగాకు రుచిని ఏమాత్రం మార్చకుండా ఇస్తుంది, దానికి మసిపొర అవసరమే లేదు. గిన్నె వేడెక్కి చేతికి కాలుతుంది, కింద పడితే పగులుతుంది. కొత్త పొగాకును రుచి చూడడానికి ఒకటి ఉంచుకోవచ్చు గానీ, జేబులో తిప్పుకునేవారికి పనికిరాదు. మీర్‌షామ్ సెపియోలైట్ అనే మెత్తని ఖనిజం. టర్కీలోని ఎస్కిషెహిర్ ప్రాంతంలో దొరికేది ప్రసిద్ధం. చవకగా దొరికేవాటిలో ముక్కలనూ పొడినీ అతికి చేసినవి కలిసి ఉంటాయి, తేడా కనిపెట్టడం కొత్తవారికి కష్టం. అందువల్ల ఖర్చు తగ్గించుకోవాలనుకునేవారు దాని జోలికి వెళ్లకపోవడమే మంచిది.

వ్యవధి నిజంగానే ఐదు నిమిషాలైతే జపాను వారి కిసెరు గురించి తెలుసుకోవాలి. వెదురు గొట్టానికి రెండు చివరలా లోహపు ముక్కలు బిగించిన సన్నని పైపు అది. దాని గిన్నె చిన్న బఠాణీ గింజంత పొగాకునే పట్టుకుంటుంది. వెంట్రుకలంత సన్నగా తరిగిన కిజామి అనే పొగాకును ఉండగా చేసి పెడితే నాలుగైదు దమ్ములకే అయిపోతుంది. మామూలు పైపు పొగాకు అందులో కుదరదు కాబట్టి ఆ పొగాకు దొరికే వీలుంటేనే దాని గురించి ఆలోచించాలి. గిన్నె మొత్తం పలుచని లోహంతో చేసిన చిన్న అలంకార పైపులను మాత్రం ఎంత చవకగా వచ్చినా కొనవద్దు. అవి పెదవులు కాలేంత వేడెక్కుతాయి.

నాలుగో మెట్టు: గాలిదారిని పరీక్షించడం

పదార్థం ఎంత మంచిదైనా గాలిదారి వంకరగా తొలిస్తే ఆ పైపు జీవితాంతం ఇబ్బంది పెడుతుంది. దీనికి ఖరీదైన పరికరాలేమీ అక్కర్లేదు, ఒక పైపు క్లీనర్ (పైపు లోపల తుడిచే, నూలు చుట్టిన సన్నని తీగ), కొంచెం వెలుతురు చాలు. ముందుగా గిన్నెలోకి వెలుతురు పడేలా పట్టుకుని చూడండి. గాలి వచ్చే రంధ్రం గదికి సరిగ్గా అడుగున, నడిమధ్యలో తెరుచుకోవాలి. అడుగుకు మూడు నాలుగు మిల్లీమీటర్ల పైన తెరుచుకుంటే దాని కిందనున్న పొగాకు ఎప్పటికీ కాలదు. పెద్ద పైపులో ఆ లోపం సర్దుకుపోవచ్చు, 25 మిల్లీమీటర్ల లోతే ఉన్న గదిలో మాత్రం నాలుగు మిల్లీమీటర్లు పోయాయంటే ఆరో వంతు పోయినట్టు.

తరువాత నోటిగొట్టం చివర నుంచి పైపు క్లీనర్‌ను తోయండి. గొట్టాన్ని ఊడదీయకుండానే అది గిన్నె అడుగు దాకా చేరాలి. వంపు తిరిగిన పైపుల్లో కొన్నిసార్లు అతుకు దగ్గర ఆగిపోతుంది. తక్కువ సేపటి పైపులో పొగ తిరిగే దారి పొట్టిది, తేమ ఆరే అవకాశం తక్కువ. అందువల్ల మధ్యలో ఒకసారి క్లీనర్ తోయవలసి వస్తుంది. వేడిగా ఉన్నప్పుడు గొట్టాన్ని ఊడదీస్తే, గిన్నెకూ గొట్టానికీ మధ్యనుండే కాడ బీట వారే ప్రమాదం ఉంది కాబట్టి, ఊడదీయకుండానే క్లీనర్ పోవడం ఇక్కడ తప్పనిసరి అర్హత.

మూడో పరీక్ష ఖాళీ పైపును పీల్చి చూడడం. దుకాణదారు అనుమతిస్తే, గొట్టం చివర శుభ్రమైన గుడ్డతో తుడిచి, గాలి మెల్లగా లాగండి. శీతల పానీయపు గొట్టంతో గాలి పీల్చినంత సులువుగా రావాలి. ఈల వేసిన శబ్దం వస్తే దారిలో ఎక్కడో ఇరుకుందని అర్థం. మంచి పైపుల్లో ఈ దారి 3.5 నుంచి 4 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. చివరగా, పైపు చల్లగా ఉన్నప్పుడు నోటిగొట్టాన్ని తిప్పుతూ ఊడదీసి, కాడలోకి దిగే మొన ఆ రంధ్రం అడుగుకు దాదాపు తగిలేలా ఉందో లేదో చూడండి. మధ్యలో ఎక్కువ ఖాళీ ఉంటే అక్కడే తేమ నిలిచి, దమ్ము లాగినప్పుడల్లా గుడగుడమంటుంది.

ఐదో మెట్టు: పైమెరుగుల వెనుక చూడడం

చవక పైపుల్లో డబ్బు దండగయ్యేది సాధారణంగా పైమెరుగుల దగ్గరే. అద్దంలా మెరిసే దట్టమైన వార్నిష్ పూత కలప రంధ్రాలను మూసేస్తుంది, వేడికి పొంగి పొక్కులు లేస్తుంది. మైనంతో మెరుగు పెట్టినదో, మెరుగే లేనిదో అంతకంటే నయం. గిన్నె మీద చిన్న చిన్న గుంటలను లప్పంతో నింపి రంగు వేయడం చవక బ్రయర్‌లో మామూలు విషయం. దాన్ని చూసి భయపడనక్కర్లేదు, అది అందానికి లోపమే తప్ప కాలడానికి అడ్డు కాదు. అయితే లప్పం గిన్నె అంచు మీదో, లోపలి గోడ మీదో కనిపిస్తే మాత్రం వదిలేయండి. పైభాగాన్ని గరుకుగా చెక్కిన పైపులు సాధారణంగా నునుపైనవాటి కంటే చవక, ఎందుకంటే కలపలోని మచ్చలు ఆ చెక్కడంలో కలిసిపోతాయి. చూపుకు నచ్చితే చిన్న బడ్జెట్‌కు ఇంతకంటే తెలివైన కొనుగోలు లేదు.

గోడ దళసరి కూడా ఇక్కడే చూడాలి. గిన్నె అంచు దగ్గర కనీసం ఐదారు మిల్లీమీటర్లు ఉండాలి. చిన్న పైపు చేయాలన్న తొందరలో గదిని అలాగే ఉంచి గోడలను పలుచన చేసిన పైపులు కొన్ని వస్తుంటాయి. అవి చూడడానికి చిన్నవి, తాగడానికి పెద్దవి, పట్టుకోవడానికి వేడివి.

నోటిగొట్టం విషయంలో మూడు పదార్థాలు ఎదురవుతాయి. ఎబొనైట్ (గట్టిపరిచిన రబ్బరు) మెత్తగా పళ్లకు హాయిగా ఉంటుంది గానీ వెలుతురుకు ఆకుపచ్చ గోధుమరంగుకు తిరుగుతుంది. అక్రిలిక్ రంగు మారదు, కాస్త గట్టిగా ఉంటుంది. కండె పైపులకు వచ్చే మామూలు ప్లాస్టిక్ గొట్టం పళ్లకు త్వరగా నొక్కుకుపోతుంది, మార్చుకోవడం తేలికే.

ఆకారం, పొడవు, ఫిల్టరు

ఆకారాల్లో తక్కువ సేపటికి సహజంగా సరిపోయేవి ప్రిన్స్, పాట్, చిన్న ఆపిల్. మూడింటిలోనూ గిన్నె పొట్టిగానే ఉంటుంది. డబ్లిన్ ఆకారంలో గది కిందికి పోయేకొద్దీ సన్నబడుతుంది కాబట్టి అదే లోతుకు పొగాకు తక్కువ పడుతుంది. పోకర్ అడుగు చదునుగా ఉండి బల్ల మీద నిలబడుతుంది. పని మధ్యలో పైపు కింద పెట్టవలసినవారికి ఈ సౌకర్యం చిన్నదేమీ కాదు.

జేబు కోసం మొత్తం పొడవు 10 సెంటీమీటర్ల లోపు పైపును వెతికేవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి. పొడవు తగ్గేకొద్దీ పొగ చల్లబడే దారి తగ్గుతుంది, గిన్నె ముఖానికి దగ్గరవుతుంది, పొగ కళ్లలోకి వస్తుంది. 12 నుంచి 13 సెంటీమీటర్ల పొడవు, 20 నుంచి 30 గ్రాముల బరువు చాలామందికి కుదురుతాయి. జేబుకు అది కూడా పెద్ద భారం కాదు. ఫిల్టరు గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. 9 మిల్లీమీటర్ల బొగ్గు ఫిల్టరు పట్టాలంటే కాడ లావుగా, పొడుగ్గా ఉండాలి, అది చిన్న పైపు స్వభావానికే విరుద్ధం, పైగా ఆగని ఖర్చు. అది పొగను నిరపాయం చేయదు. ఫిల్టరు లేని పైపునే తీసుకోమంటాను. ఫిల్టరు కోసం తొలిచిన పైపును ఖాళీగా వాడితే ఆ ఖాళీలో తేమ నిలుస్తుంది.

వాడిన పైపు కొనేటప్పుడు

తక్కువ డబ్బుకు మంచి చిన్న బ్రయర్ కావాలంటే వాడిన పైపుల వైపు చూడడం నిస్సందేహంగా తెలివైన పని. పాతకాలపు పైపుల్లో చిన్న గదులున్నవి విరివిగా దొరుకుతాయి. డన్‌హిల్ సంస్థ తన పైపుల పరిమాణాన్ని అంకెలతో సూచించే అలవాటు అమ్మకందారులందరికీ పాకింది కాబట్టి, ఇతర సంస్థల పైపులకు కూడా గ్రూప్ 1, గ్రూప్ 2 అని రాయడం కనిపిస్తుంది. గ్రూప్ 1 అంటే చిన్నది, మీరు వెతకవలసింది అదే.

చేతిలోకి తీసుకున్నప్పుడు కాడ, నోటిగొట్టం కలిసేచోట సన్నని బీటలున్నాయేమో చూడండి. గొట్టం చివర పళ్ల గాట్లు రంధ్రం పడేంత లోతుకు దిగాయా, గిన్నె బయట ఎక్కడైనా నల్లని మచ్చ ఉందా అన్నవి కూడా చూడాలి. బయటికి నల్లమచ్చ కనిపిస్తే లోపల గోడ మాడిపోయి ఉండవచ్చు. లోపలి మసిపొర మరీ దట్టంగా ఉంటే గది కొలత తప్పుగా కనిపిస్తుంది. ఒకటి ఒకటిన్నర మిల్లీమీటర్ల మసి మిగిల్చి తక్కినది గీకించాకే కొలవాలి. కొన్న తరువాత గాలిదారిని ఘాటైన తాగే ఆల్కహాల్‌లో తడిపిన క్లీనర్లతో అవి తెల్లగా వచ్చేదాకా తుడిచి, ఒకటి రెండు రోజులు పూర్తిగా ఆరనిచ్చి అప్పుడు వాడాలి. గిన్నె బయటి వైపు ఆల్కహాల్ తగలకుండా చూసుకోండి, మెరుగు పోతుంది.

పొగాకుతో జత కుదర్చడం

గది ఎంత సరిగ్గా ఎంచుకున్నా పొగాకు తరుగు దానికి నప్పకపోతే ఫలితం దక్కదు. వెడల్పైన, ముతక ముక్కలు ఇరుకు గదిలో గోడకూ గోడకూ అడ్డంపడి మధ్యలో ఖాళీలు మిగులుస్తాయి. సన్నని పీచులా తరిగిన పొగాకు తేలిగ్గా అంటుకుంటుంది, వేగంగా కాలుతుంది. సమయం బొత్తిగా లేనివారికి అది మంచిదే గానీ దమ్ము నిదానంగా లాగాలి, లేకపోతే నాలుక మండుతుంది. పలకలుగా నొక్కిన వర్జీనియా పొగాకును అరచేతిలో బాగా నలిపి విడదీస్తే చిన్న గదికి చక్కగా కుదురుతుంది. పొగాకు మరీ తడిగా ఉంటే నింపేముందు కాసేపు పరిచి ఆరనివ్వండి. చిన్న పైపులో తడి పొగాకు ఆరిపోతూ వెలుగుతూ ఉంటే ఉన్న పావుగంటా అగ్గిపుల్లలకే పోతుంది.

మొదటి కొన్ని సార్లు

కొత్త బ్రయర్, పియర్ పైపులను మొదట్లో సగం దాకే నింపి, మెల్లగా, అడుగు దాకా కాల్చాలి. గోడకు పలుచని మసిపొర పట్టాక పూర్తిగా నింపవచ్చు. చిన్న పైపు చిన్న దమ్ములనే సహిస్తుంది. గిన్నెను చెంపకు ఆనిస్తే కాలుతున్నట్టు అనిపించినప్పుడు పక్కన పెట్టి, చల్లబడనిచ్చి, మళ్లీ వెలిగించండి. కండె పైపుకు ఒక ప్రత్యేక జాగ్రత్త ఉంది. చాలా నమూనాల్లో చెక్క కాడ చివర గిన్నె అడుగులోకి పొడుచుకు వస్తుంది, మొదటి రోజుల్లో అది కాలి చెక్క రుచి ఇస్తుంది. పొగాకు బూడిదలో కొన్ని నీటి చుక్కలు కలిపి మెత్తని ముద్ద చేసి, గాలి రంధ్రంలో క్లీనర్ ఉంచి, ఆ ముద్దను అడుగున చదునుగా పరిచి రెండు రోజులు ఆరనిస్తే చెక్క కప్పబడుతుంది. అయితే గది లోతు ఒకటి రెండు మిల్లీమీటర్లు తగ్గుతుంది కాబట్టి ఎంచుకునేటప్పుడే ఆ మాత్రం అదనంగా చూసుకోవాలి.

తాగడం అయిపోయిన వెంటనే నుసిని లోహపు గిన్నెలోకో తడి మట్టిలోకో దులపండి, నిప్పు పూర్తిగా ఆరిందని చూశాకే పైపును జేబులో పెట్టండి. తాగిన పైపును మళ్లీ నింపేముందు ఒక రోజైనా ఆరనివ్వాలి. చిన్న పైపులో కలప తక్కువ, అది పీల్చుకోగల తేమా తక్కువే. ప్రతిరోజూ తాగేవారికి ఒకే ఖరీదైన పైపు కంటే ఒకే కొలతల గది ఉన్న రెండు చవక కండె పైపులు మార్చిమార్చి వాడుకోవడం బాగుంటుంది. రెండోది కొనేముందు మొదటిదానితో కనీసం పదిసార్లైనా తాగి, గది మీ సమయానికి సరిపోయిందో, రెండు మూడు మిల్లీమీటర్లు అటో ఇటో కావాలో రాసిపెట్టుకోండి.